బరాత్ కేసులో హరినాథ్ రిపోర్టు

మనిషిని చూడగానే వాడెలాంటివాడో చెప్పేయగలనని హరినాథ్‌కు ఒకప్పుడు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఇచ్చింది ఆయన ఉద్యోగమే, దాన్ని తుక్కుతుక్కు చేసిందీ ఆ ఉద్యోగమే. సంగారెడ్డిలో ఆయన ప్రొబేషన్ ఆఫీసరు. ఇదేదో లాఠీ పట్టుకునే కొలువు అనుకునేరు, కాదు. ఎవడైనా మొదటిసారి తప్పు చేసి, కోర్టులో నేరం రుజువైందనుకోండి. వాణ్ని జైలుకు పంపాలా, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని ఇంటికి పంపాలా అన్నది తేల్చే ముందు మేజిస్ట్రేటు ఈయన్ని అడుగుతారు. ఈయన వెళ్లి ఆ మనిషి ఇల్లూ వాకిలీ, స్నేహాలూ అలవాట్లూ చూసి, మళ్లీ తప్పు చేసే ప్రమాదం ఎంతుంది, చేయకుండా ఉండాలంటే వాడికి ఏ ఆసరా కావాలి అని రిపోర్టు రాస్తాడు. ఒక మనిషి బతుకు ఈయన రెండు పేజీల రాతమీద అటో ఇటో అవుతుందన్నమాట.

చుట్టాలకు ఈ ఉద్యోగం ఎప్పటికీ అర్థం కాలేదు. ఆయన తండ్రి ఫ్యాక్టరీ కొలువుకని తణుకు వైపు నుంచి రామచంద్రాపురం వచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డవాడు. తణుకు చుట్టాలు ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే "ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నావా నాయనా, పర్మనెంట్ చేయలేదా" అని జాలిపడతారు. మొదట్లో విడమరిచి చెప్పేవాడు. ఇప్పుడు "చేస్తామంటున్నారండీ" అని ఊరుకుంటున్నాడు. భాష సంగతీ అంతే. తణుకు వెళ్తే తెలంగాణావాడంటారు, ఇక్కడ పల్లెల్లో నోరు తెరిస్తే ఆంధ్ర సారంటారు. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. అయినా ఆయన "ఏంది పెద్దాయనా, మంచిగున్నవా" అని మొదలుపెడితే అవతలివాడు చేతిలో బీడీ పడేసి లేచి నిలబడతాడు. ఆ పలుకులో ఏదో తేడా వాళ్లకు ఇట్టే దొరికిపోతుంది.

ఇక ఆయన రిపోర్టుల ఘనత చెప్పుకోవాలంటే సిగ్గే. "ఇతడు మళ్లీ దొంగతనం జోలికి పోడు" అని గుండెమీద చెయ్యేసుకుని రాసిన కుర్రాడు, బాండు మీద సంతకం పెట్టిన నెలలోనే ఒక బండి ఎత్తుకుపోయాడు. అది హరినాథ్ బండే, ఆఫీసు మెట్ల ముందు నుంచే. "ఇతణ్ని నమ్మలేం" అని రాసినవాడేమో జైలుకెళ్లి వచ్చి, పటాన్‌చెరులో టిఫిన్ బండి పెట్టుకుని, ఇప్పటికీ ఈయన కనబడితే ఇంకో గరిటె చట్నీ ఎక్కువే పోస్తాడు. ఆ చట్నీ ఈయనకు గొంతు దిగదు.

ఆ మధ్య ట్రైనింగ్ పెట్టి ఒక స్కోరు పద్ధతి నేర్పారు. తాగుడు, స్నేహితులు, పని, ఇల్లు, కోపం, ఇలా ఒక్కోదానికి మార్కులు. మార్కులు పెరిగేకొద్దీ ప్రమాదం పెరిగినట్టు. హరినాథ్‌కు ఇది తెగ నచ్చింది. ఇక మనం పొరబడేదేముంది, లెక్క చూసుకుంటుందిలే అనుకున్నాడు. ఒక ఆదివారం సరదాకు తనకు తానే వేసుకున్నాడు. స్నేహితులు లేరు, ఖాళీ సమయంలో చేసే పనంటూ లేదు, ట్రాఫిక్‌లో నోరు పారేసుకుంటాడు. మధ్యస్థ ప్రమాదం అని తేలింది. ఆ కాగితం భార్య హైమావతికి చూపిస్తే ఆమె కళ్లజోడు సర్దుకుని చదివి, "ఇంకో రెండు మార్కులు పడాలే, ఎక్కడో తప్పు కూడారు" అంది.

నర్సింహ కేసు వచ్చింది ఈ స్కోరు మోజులో ఉన్నప్పుడే. పాశమైలారం దగ్గర ఒక ఊరు. ఊరి పేరెందుకులెండి. పొలాలు పోయి ఫ్యాక్టరీలు వచ్చాక మిగిలిన జాగాలో తలా నాలుగు రేకుల గదులు కట్టి ఒడిశా, బీహార్ కూలీలకు కిరాయికిచ్చుకుంటున్న ఊరు. నర్సింహ ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద డ్రమ్ములు దొర్లించే పని చేస్తాడు. చిన్నాయన కూతురి పెళ్లి బరాత్‌లో తాగి ఊగుతూ, అడిగిన పాట వెయ్యలేదని డీజే నడిపే నవీన్‌కుమార్‌ను కుర్చీతో కొట్టాడు. చెయ్యి విరిగింది. నేరం రుజువైంది. అంతకుముందు ఏ కేసూ లేదు కాబట్టి శిక్ష వేసే ముందు ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టు కావాలన్నారు మేజిస్ట్రేటు. రిపోర్టు బాగుంటే ఇల్లు, లేకపోతే సంగారెడ్డి పక్కనున్న కంది ఊళ్లోని జైలు.

హరినాథ్ ముందు నవీన్‌కుమార్‌నే కలిశాడు. "చెయ్యి అతుక్కున్నది సార్, పగ లేదు. మంచిగున్నప్పుడు మంచోడే," అన్నాడా కుర్రాడు. "గాని మల్ల తాగి ఎదురువడితె మాత్రం నాకు భయమే." సబబుగానే ఉందనుకుని హరినాథ్ ఊరికి బయల్దేరాడు.

ఇక్కడ ఆయన పనితీరు ఒకటి చెప్పాలి. ఊళ్లోకి వెళ్లేటప్పుడు ఆయన జీపు వాడడు, మెడలో కార్డు వేసుకోడు, కోర్టు పేరెత్తడు. ఆఫీసరొచ్చాడని తెలిస్తే ఆ ఇంటి పరువు పోతుంది, మనిషికి మనం ఉపకారం చేయకపోయినా అపకారం చేయకూడదు అని ఆయన సిద్ధాంతం. అందుకని ఇస్త్రీ చొక్కా వేసుకుని, సొంత కారులో, దారినపోయే పెద్దమనిషిలా వెళ్లి మెల్లగా కూపీ లాగుతాడు. ఇంత తెలివైన పద్ధతి డిపార్ట్‌మెంటులో ఇంకెవరికీ లేదని ఆయన గర్వం కూడాను.

ఆ రోజు నర్సింహ డ్యూటీలో ఉన్నాడు. తల్లి రాజవ్వ, అక్క ఇద్దరూ కంపెనీ క్యాంటీన్‌లో పనికి పోయారు. ఇంటికి తాళం. అదే మంచిదనుకుని హరినాథ్ పక్కింటి అరుగు మీద కూర్చున్న నాగయ్యను పలకరించాడు. నర్సింహ ఎలాంటివాడని అడిగాడు.

నాగయ్య ఈయన చొక్కానీ, కారునీ, కాళ్లకున్న బూట్లనీ ఒకసారి చూశాడు. లోపలికి కేకేసి కుర్చీ తెప్పించాడు, చాయ్ పెట్టించాడు. "నర్సింహనా సార్. బంగారమసొంటి పిల్లగాడు. తల ఎత్తి మాట్లాడడు. తల్లి గీసిన గీత దాటడు."

"తాగుడు అలవాటేమైనా ఉందా?"

"గా వాసనే పడదు సార్ ఆనికి."

హరినాథ్‌కు ముచ్చటేసింది. బరాత్ గొడవ ఊరంతటికీ తెలుసు. అయినా ఈ పెద్దాయన ఆ ఒక్క తప్పును ఎత్తిచూపడం లేదు. ఎంత సంస్కారం అనుకున్నాడు. సంపాదన సంగతి అడిగాడు, ఇల్లు సొంతమేనా అని అడిగాడు, ఎవరితో తిరుగుతాడని అడిగాడు. అడిగినదానికల్లా నాగయ్య తేనె పూసినట్టు జవాబిచ్చి, చివర్లో తానూ ఒకటడిగాడు. "మీకెంతమంది పిల్లలు సార్?"

మన గురించి కూడా రెండు ముక్కలు చెబితే అవతలివాళ్లు మనసు విప్పుతారని ట్రైనింగ్‌లో చెప్పారు. "ఒక్కతే అమ్మాయండీ. గచ్చిబౌలిలో కంపెనీలో చేస్తుంది."

"పెండ్లి?"

"చూస్తున్నాం."

"చూడాలె సార్," అన్నాడు నాగయ్య ఎంతో ఆదరంగా. "తొందరపడొద్దు. గిట్ల నలుగురిని అడిగి తెల్సుకునుడే మంచి పద్ధతి."

తన పద్ధతిని మెచ్చుకున్నందుకు హరినాథ్ పొంగిపోయాడు. కిరాణా దుకాణం నాగవల్లి దగ్గరకు వెళ్తే ఆమె, "మా దుకాణంల సోడా తప్ప ఇంకేం కొనంగ నేను చూడలే సార్," అంది. ఆయన సోడా అని రాసుకున్నాడు. ఆ సోడా దేంట్లో పోసుకోవడానికో అడగాలన్న ఆలోచన ఆ మహానుభావుడికి రాలేదు. గదిలో కిరాయికున్న ఒడిశా కుర్రాడు "బహుత్ సీధా లడ్కా హై సాబ్" అని తన హిందీలో వాడు నెమ్మదస్తుడని మెచ్చుకున్నాడు. వీధి చివర ఇద్దరు ఆడవాళ్లు ఈయన అడక్కుండానే ఆపి, ఆ పిల్లగాడంత ఓపికమంతుడు మండలంలో లేడని చెప్పి పంపారు. రాజవ్వ వస్తే ఫోన్ చేయించమని నాగయ్యకు నంబరిచ్చి హరినాథ్ కారెక్కాడు. పటాన్‌చెరు ట్రాఫిక్‌లో లారీవాడు అడ్డమొచ్చినా ఆ రోజు ఎవరినీ తిట్టలేదు.

రిపోర్టు చకచకా సాగింది. తాను స్కోరు వేసినవాళ్లలో అంత తక్కువ ఎవరికీ రాలేదు. దేవుడికి వేసినా అంతకంటే తక్కువ రాదు. తల్లీకొడుకులతో ఒకసారి మాట్లాడేస్తే అయిపోతుంది. మర్నాడే రాజవ్వ ఫోన్ చేసింది.

"నమస్తె సార్, నేను నర్సింహ అమ్మను. మీరు మా ఊరికొచ్చి అందర్ని అడిగిపోయిన్రంట."

"అవునమ్మా. మీతోనూ, అబ్బాయితోనూ కూడా మాట్లాడాలి. ఆఫీసుకు వస్తారా?"

"ఆపీసుల గివన్ని ఏం మాట్లాడుకుంటం సార్. ఇంటికాడైతె మంచిగుంటది. ఐతారం మేమే వస్తం. మా తమ్ముడు గూడ వస్తడు."

పాపం, ఆఫీసంటే జంకుతోంది కాబోలు అనుకున్నాడు హరినాథ్. ఇంటికి పిలవడం రూల్సులో లేదు గానీ, వద్దని కూడా ఎక్కడా రాయలేదు. సరేనని అమీన్‌పూర్‌లో తన అపార్టుమెంటు గుర్తులు చెప్పాడు.

ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి ఎదురుగా ముగ్గురు. రాజవ్వ పట్టుచీర కట్టుకుంది. ఆమె తమ్ముడు కొమురయ్య భుజాన కొత్త తువ్వాలు. వెనక నర్సింహ, మెడ కదపడానికి వీల్లేనంత బిగుతు కాలరు చొక్కాలో చెమటలు కక్కుతున్నాడు. కొమురయ్య చేతుల్లో పళ్లబుట్ట, స్వీటు డబ్బా, మల్లెపూల పొట్లం. ఇంటికి పిలిపించుకుని లంచం తీసుకున్నాడని రేపు ఎవరైనా అంటే పింఛనుతో సహా పోతుంది.

"ఇవన్నీ నేను తీసుకోకూడదండీ," అన్నాడు వెనక్కి జరిగి.

"ఉత్తచేతులతోటి ఎట్లొస్తం సార్," అంది రాజవ్వ.

"మా డిపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరమ్మా."

"మీ డిపార్ట్‌మెంటుల ఎట్లనో గాని సార్, మా దిక్కు గిట్లనే," అని కొమురయ్య బుట్ట తెచ్చి సోఫా ముందు బల్ల మీద పెట్టేశాడు. కాఫీ తెచ్చిన హైమావతి ఆ మల్లెపూల వంక, పట్టుచీర వంక, కుర్రాడి కాలరు వంక చూసింది. ఆమెకు ఒక్క క్షణం పట్టలేదు. మొగుడి వంక చూసింది. ఆ చూపుకు అర్థం హరినాథ్‌కు తెలియలేదు, పాతికేళ్లుగా ఆమె చూపుల్లో చాలావాటికి ఆయనకు అర్థం తెలియదు.

ఈలోగా కూతురు రమ్యశ్రీ చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని, నలిగిన నైట్ ప్యాంటుతో ఫోన్ ఛార్జరు కోసం హాల్లోకి వచ్చింది. అందరూ తనవైపే చూస్తుంటే బిత్తరపోయి "నమస్తే అండీ" అని లోపలికి వెళ్లిపోయింది. రాజవ్వ ఆ పిల్ల వెళ్లినవైపే చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖంలో సంతోషం పట్టడం లేదు.

అప్పుడు నర్సింహ లేచి నిలబడ్డాడు. "సార్, ఒక్క మాట చెప్పాలె."

"కూసో," అంది తల్లి.

"లేదమ్మా, జెర చెప్పనియ్యి." చేతులు కట్టుకున్నాడు. "మా ఊర్ల మీకు నా గురించి ఏం చెప్పిన్రో నాకు ఎర్కనే. గవన్ని నిజం కాదు సార్. నా మీద కేసున్నది. మా చిన్నాయన బిడ్డ బరాత్‌ల తాగి, డీజే పిల్లగాని చెయ్యి ఇరగ్గొట్టిన. పాట మార్చలేదని. తప్పు ఆనిది ఏం లేదు, నాదే. వచ్చే వారం కోర్టుల శిక్ష చెప్తరు. జైలుకు పోతనేమో గూడ."

రాజవ్వ వాడి చొక్కా పట్టుకుని లాగింది. వాడు ఆగలేదు.

"తాగుడు బంద్ చేసిన అని అందరికి చెప్తున్న. దసరానాడు మల్ల తాగిన. దినాం సాయంత్రమైతె మనసు గుంజుతది. ఎన్నడు పూర్తిగ పోతదో నాకే తెల్వదు. కోపం గూడ ఉన్నది. మా అక్కను ఇచ్చేటప్పుడు గూడ మేము గిట్లనే ఊరంత తిరిగి అడిగినం సార్. అందరు బంగారమన్నరు. బావ తాగొచ్చి కొడ్తుంటె అక్క తట్టుకోలేక ఇప్పుడు మా ఇంట్లనే ఉంటున్నది. మీ బిడ్డ సదువుకున్నది. తెల్వక ఇచ్చి రేపు మీరు ఏడ్వొద్దు. గందుకే చెప్పిన."

హరినాథ్‌కు అప్పుడు తలకెక్కింది. నాగయ్య చాయ్, నాగవల్లి సోడా, వీధి చివర ఆడవాళ్ల ఆదరం, తన ఇస్త్రీ చొక్కా, "చూస్తున్నాం" అన్న తన మాట, ఒక్కొక్కటే వరసగా వచ్చి చెంప మీద కొట్టిపోయాయి. పిల్లవాడి గుణం, సంపాదన, అలవాట్లు అడుగుతూ ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఊళ్లోకొస్తే ఎవరనుకుంటారు? ఒకడి సంబంధం చెడగొట్టిన పాపం నెత్తికెత్తుకునేవాళ్లు ఆ ఊళ్లో ఉంటారా? ఆ మాటకొస్తే ఏ ఊళ్లో ఉంటారు? ఇన్నేళ్లుగా ఇదే పద్ధతిలో తాను తెచ్చిన మంచి మాటలన్నీ ఎన్ని ఊళ్లవాళ్లు ఎంతమంది పెళ్లి కావాలని కోరుకుంటూ చెప్పినవో లెక్క వేయబోయి మధ్యలోనే మానేశాడు.

"మీ వకీలు చెప్పలేదా, రిపోర్టు కోసం ఆఫీసరొస్తాడని?" అన్నాడు నీరసంగా.

"చెప్పిండు సార్. జైలు డిపార్ట్‌మెంటు ఆఫీసరంట. ఖాకీ డ్రెస్సుల జీపేసుకొని వస్తడని చూస్తనే ఉన్నం. ఇంక రాలే," అన్నాడు కొమురయ్య.

"ఆ ఆఫీసర్ని నేనేనండీ."

కొమురయ్య తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "అంటె మీరు పిల్ల తండ్రి కాదా?"

"పిల్ల తండ్రినే. కానీ దానికోసం రాలేదు."

జైలు మాట అప్పటికి ఎవరికీ గుర్తు లేదు. రాజవ్వ లోపలి గది తలుపు వైపు ఇంకొకసారి చూసింది. "ఊరందరికి చెప్పుకున్న సార్," అంది గొంతు తగ్గించి. "కేసైనకాడికెల్లి నా కొడుకు మొకం ఎవలు చూస్తలేరు. ఎవరో మంచోళ్లు ఆని కోసం అడగొచ్చిన్రని వారమంత నిద్ర వట్టలే."

హరినాథ్ తలెత్తలేకపోయాడు. హైమావతే లేచి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. భోంచేసి వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది. అందరూ తిన్నారు. పళ్లబుట్ట, స్వీటు డబ్బా వాళ్లతోనే తిప్పి పంపబోతే రాజవ్వ ముందు ఒప్పుకోలేదు, చివరికి తీసుకుని, పూల పొట్లం మాత్రం రమ్యకని ఇచ్చి వెళ్లింది. వాళ్లు లిఫ్టు ఎక్కాక హైమావతి గుమ్మంలోనే నిలబడి, "మనుషుల్ని చదివే ఉద్యోగం కదూ మీది," అంది.

సోమవారం ఆఫీసులో ఆయన ఆ దేవుడి స్కోరున్న కాగితాన్ని చించేసి మళ్లీ మొదలుపెట్టాడు. తాగుడుకు మార్కులు పడ్డాయి, కోపానికి పడ్డాయి, దసరాకు ఇంకొన్ని పడ్డాయి. మధ్యస్థ ప్రమాదం అని తేలింది. తనకు తేలినంతే. కావలసినవి కూడా రాశాడు. జిల్లా ఆసుపత్రిలో మందు మాన్పించే చికిత్స, సాయంత్రాలు ఖాళీ ఉండని షిఫ్టు, నెలనెలా పర్యవేక్షణ.

చిక్కంతా ఒక్కచోటే వచ్చింది. నర్సింహ ఒప్పుకున్నదాన్ని ఎలా రాయడం? "విచారణలో నేరం అంగీకరించి పశ్చాత్తాపం తెలిపాడు" అని రాస్తే తన పరువు దక్కుతుంది. కానీ జైలు ముంగిట నిలబడ్డ ప్రతివాడూ ప్రొబేషన్ ఆఫీసరు ముందు పశ్చాత్తాపం చెబుతాడు, మేజిస్ట్రేటు దాన్ని పూచికపుల్లలా తీసిపారేస్తారు. నర్సింహ చెప్పింది ఆఫీసరుకు కాదు. చెబితే సంబంధం పోతుందని తెలిసి చెప్పాడు. ఆ మాటకు విలువ రావాలంటే, ఇన్నేళ్ల సర్వీసున్న ఈ అధికారి తన అతితెలివితో ఊరంతటి చేతా పిల్ల తండ్రి అనిపించుకున్నాడని కాగితం మీద రాసుకోవాలి. ఒకటికి నాలుగుసార్లు కలం పెట్టి తీశాడు. ఆఫీసులో ఎవరైనా చూస్తే జన్మంతా మామగారూ అని పిలుస్తారు. పిలిస్తే పిలవనీ, వాడి బతుకు ముందు నా పరువెంత అని కళ్లు మూసుకుని రాసేశాడు. ఊరివాళ్ల సాక్ష్యం ఒక్క ముక్క కూడా లెక్కలోకి తీసుకోవద్దని కూడా రాశాడు.

కోర్టు రోజున మేజిస్ట్రేటు గారు ఆ రిపోర్టు లోలోపలే చదువుకున్నారు. ఆవిడ నెమ్మదైన మనిషి, నవ్వరు. మధ్యలో ఒకచోట మాత్రం కాగితం పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి దించి, "హరినాథ్ గారూ, ఇది మీరే రాశారా?" అన్నారు.

"నేనేనండీ."

"మీ మీద మీరే ఇలా రాసుకున్నారేమిటి?"

"జరిగింది అదేనండీ," అన్నాడు హరినాథ్. వెనక బెంచీల్లో రాజవ్వ, కొమురయ్య, ఊరివాళ్లు కొందరు. నర్సింహ బోనులో తల దించుకుని ఉన్నాడు.

"జైలు తప్పుతుందంటే ఎవరైనా తప్పు ఒప్పుకుంటారు. ఇతని మాట ఎందుకు నమ్మాలి?"

"నేనెవరో తెలియక చెప్పాడు మేడం. అబద్ధం చెబితే అతనికి లాభం. నిజం చెబితే నష్టం. తెలిసే చెప్పాడు."

ఆవిడ కళ్లజోడు తీశారు. "మీకు నిజంగానే అమ్మాయి ఉందన్నమాట. అయితే ఒకటి చెప్పండి. ఆ రోజు మీరు నిజంగానే సంబంధం చూస్తూ ఉన్నారనుకుందాం. ఈ మాట విన్నాక పిల్లనిచ్చేవారా?"

హరినాథ్ బోను వైపు చూశాడు. ఇస్తాననేస్తే ఇక్కడితో అయిపోతుంది, వాడు ఇంటికెళ్తాడు. ఇవ్వనంటే, నీ పిల్లకు పనికిరానివాణ్ని ఊరిమీదకు వదలమంటావా అని అడుగుతారు, అడిగి తీరాలి కూడా. పొద్దున కారు తాళాలు చేతికిస్తూ "నాన్నా, నీళ్ల బాటిల్ మర్చిపోకు" అన్న రమ్య గుర్తొచ్చింది. బోనులో ఉన్నవాడు నా ముందు అబద్ధం ఆడలేదు, వాడికోసం నేను ఆడితే ఎట్లా అనిపించింది.

"వెంటనే ఇచ్చేవాణ్ని కాదు మేడం."

నర్సింహ వకీలు నుదురు కొట్టుకున్నాడు. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కానీ పొమ్మని కూడా అనేవాణ్ని కాదండీ," అన్నాడు హరినాథ్. "ఇంత నిజం చెప్పినవాణ్ని పొమ్మంటే ఇంకెప్పుడూ ఎవరికీ నిజం చెప్పడు. ఒక ఏడాది ఆగమనేవాణ్ని. నెలనెలా వచ్చి కనిపించమనేవాణ్ని. మందు మాన్పించే ఆసుపత్రికి నేనే వెంటబెట్టుకుని వెళ్లేవాణ్ని. ఏడాది నిలబడితే అప్పుడు మాట్లాడుకుందామనేవాణ్ని. కోర్టువారిని నేను అడుగుతున్నదీ అదేనండీ."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఉత్తర్వు చెప్పారు. ఏడాది పాటు ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలో బాండు, చికిత్స తప్పనిసరి, తాగి గొడవ చేసినట్టు తెలిస్తే తిరిగి ఇదే బోను, అప్పుడు శిక్షే. నర్సింహ రెండు చేతులూ జోడించాడు. వాడి కళ్లు ఎర్రబడ్డాయి.

బయట వరండాలో హరినాథ్ గోడకానుకుని నీళ్లు తాగుతుంటే రాజవ్వ వచ్చింది. "ఏడాది ఆగుతం సార్," అంది.

ఆయనకు పొలమారింది. "అమ్మా, నేనన్నది..."

"నాకు ఎర్క లేదా సార్. మీ బిడ్డను మా ఇంటికియ్యరు. నేను అడుగ గూడ అడుగ." ఆమె గొంతులో కోపం లేదు. "ఊరోళ్లు దినాం అడుగుతున్నరు, ఆంధ్ర సారు ఏమన్నడు, సంబంధం ఏమాయె అని. ఏం చెప్పాల్నో తెల్వక మొకం దాసుకుంట తిరుగుతున్న. గిప్పుడు చెప్పుకోవచ్చు గద సార్. నా కొడుకును కాదనలే, ఏడాది ఆగమన్నరు అని. జడ్జమ్మ ముంగటనే అన్నరు గద."

హరినాథ్ నీళ్ల బాటిల్‌కు మూత బిగించాడు. "చెప్పుకోండమ్మా," అన్నాడు. "ఎవరడిగినా నా పేరు చెప్పే చెప్పుకోండి."